పడవలో ఆగ్నేయం

చలికాలం పొద్దున ట్రాయ్‌లో మా ఇంటి దగ్గర గ్యాస్ స్టేషన్‌లో కారు ఆపినప్పుడు, పక్కన ఏ ట్రక్కో డీజిల్ పొగ వదిలితే అందరూ మొహం తిప్పుకుంటారు. నేను మాత్రం కాస్త ఊపిరి పీల్చి చూస్తాను. ఆ వాసనకి కొంచెం వార్నిషూ, కొంచెం తడి తాళ్ల వాసనా, అప్పుడే మూత తీసిన పులిహోర ఘుమఘుమా కలిస్తే అది మా పడవ.

ఎనభైల మొదట్లో మేము ఇక్కడికి దగ్గర్లోనే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లం. నాన్న కార్ల కంపెనీలో పొగగొట్టాలు డిజైన్ చేసే ఇంజినీరు. తోటి తెలుగు అంకుల్స్ అంతా వారాంతాల్లో పేకాడుకుంటుంటే, నాన్న ఓ పాత తెరచాప పడవ కొని డ్రైవ్‌వేలో నిలబెట్టి, రాలిన మేపుల్ ఆకుల మధ్య దాన్ని గీకుతూ, రంగులేస్తూ కూర్చునేవాడు. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి చుట్టూ నీళ్లు లేకపోతే తోచదని ఆయన వాదన. అదే ఒడ్డున పుట్టిన అమ్మ మాత్రం జూన్‌లో కూడా స్వెట్టర్ విప్పేది కాదు. మొదటి వేసవిలో ఒకసారి ఊరి దగ్గరి సరస్సు మీదికి వచ్చి, పళ్లు టకటకలాడుతూ తిరిగొచ్చి, “ఇంకొక్కసారి వస్తానండీ. అప్పుడూ వణికానా, మళ్లీ దాని మొహం చూడను” అని తేల్చేసింది. అమ్మ ఎక్కని పడవ తనకెందుకు, అమ్మేస్తానన్నాడు నాన్న. వేళాకోళమనుకున్నాను గానీ, ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు.

అందుకని పడవ లోపలి చిన్న గదిలో డీజిల్ హీటర్ బిగించడం మొదలుపెట్టాడు. ఎక్కడ పెట్టాలన్నది ఆయన ఎవరినీ అడగలేదు. మా ఇంట్లో వంటగది వాయవ్యంలో ఉండేది. పాలు విరిగినా, నాకు జ్వరమొచ్చినా, నాన్నకి ప్రమోషన్ రాకపోయినా, “పొయ్యి ఆగ్నేయంలో లేని కొంప ఇంతే” అని అమ్మ నిట్టూర్చేది. ఎవరో అమెరికన్ కట్టించుకున్న ఇంట్లో వంటగది జరపడం నాన్న వల్ల కాలేదు. పడవలోనైనా అవుతుందనుకున్నాడు కాబోలు, డ్రైవ్‌వేలో దిక్సూచి పట్టుకుని నిలబడ్డాడు. పడవ ముక్కు తూర్పుకి ఉంది. అంటే ముందువైపు కుడి మూల ఆగ్నేయం. హీటర్ అక్కడ బిగించి, పైకప్పు చెక్కకి గుండ్రంగా కన్నం కోసి, పొగగొట్టం ఎక్కించి, వేడికి చెక్క కాలకుండా చుట్టూ పట్టీ చుట్టి, కొసన పుట్టగొడుగులాంటి మూత పెట్టాడు.

అక్టోబరులో ఒక ఆదివారం అమ్మ వచ్చింది. చీర మీద స్వెట్టర్, దాని మీద శాలువా, కాళ్లకి నాన్న సాక్సులు, చేతిలో చేగోడీలు నింపిన కాఫీ డబ్బా. “రోట్లో తలపెట్టాక రోకటిపోటుకి భయమెందుకు” అంటూ ఎక్కింది. హీటర్ వెలిగాక గది మెల్లగా కాగింది, అమ్మ శాలువా తీసి మడత పెట్టింది, నాన్న అది చూసీ చూడనట్టు తెరచాప సర్దుకున్నాడు. భోజనాలకని సరస్సు మధ్య లంగరు వేశాం. లంగరు వేసిన పడవ ముక్కు ఎప్పుడూ గాలికి ఎదురు తిరుగుతుంది. ఆ ఎదురుగాలి, ముందున్న గొట్టం పొగనంతా ఎత్తి తెచ్చి, వెనకున్న గది తలుపులోంచి మా మీద పోసింది.

“నాన్నా, స్మోక్ లోపలికి వస్తోంది!” అని అరిచాను. హీటర్ ఆర్పేసి నాన్న మమ్మల్ని బయటికి లాగాడు. అమ్మ కళ్లు ఎర్రబడి కారుతున్నాయి. ఊరందరి కార్లకీ పొగ దారి చూపించే మనిషి, రచ్చ గెలిచి ఇంట ఓడి, తల వంచుకుని కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

“ఆ మూలే ఎందుకు పెట్టారండీ?” అంది అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

“ఆగ్నేయమని. ఇంట్లో ఎలాగూ కుదర్లేదు కదా.”

అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. “గాలి ఎటు తిప్పితే అటు తిరిగేదానికి మూలలేంటండీ! గొట్టం వెనక్కి మార్చండి. వచ్చే ఆదివారం వస్తాను.”

ఒడ్డు చేరేదాకా ఆ చల్లగాలిలోనే బయట కూర్చుంది. వణుకు నాకు కనిపిస్తూనే ఉంది, నోటి వెంట మాత్రం ఆ ఊసే రాలేదు.

నాన్న హీటర్ని వెనక్కి మార్చాడు, పొగ నీళ్ల మీదుగా వెనక్కి వెళ్లిపోయేది. ముందరి కన్నానికి గుండ్రటి చెక్క బిళ్ల అతికించాడు. దానికి అమ్మ ఏటా పడవ నీళ్లలోకి దిగే రోజున గడపకి పెట్టినట్టు పసుపు రాసి బొట్టు పెట్టేది. పైన వాన టపటపలాడుతుంటే లోపల హీటర్ గుర్రుగుర్రుమంటూ ఉండేది, అమ్మ పులిహోర కలిపేది, నాన్న పేక పంచేవాడు, ముగ్గురం చలికాలం ముంచుకొచ్చేదాకా అలా గడిపేవాళ్లం.

ఇప్పుడు హీటర్లు ఫోన్‌లో నొక్కితే వెలుగుతాయట, వాసన కూడా రాదట. నాన్న లేడు. పడవని కిందటేడు అమ్మేశాం. కొన్న కుర్రాడు ముందరి చెక్క బిళ్ల మీద పసుపుపచ్చటి మరక వేలితో రుద్ది, “ఇదేమిటి, తుప్పా? గీకేస్తే పోతుందా?” అని ఇంగ్లీషులో అడిగాడు. కర్ర ఊతంతో పక్కన నిలబడ్డ అమ్మ చెప్పింది:

“నో బాబూ, లీవిట్. దట్ ఈజ్ మై కిచెన్.”