దుబాయి సీసా మీద ఐలవ్వ

శామీర్‌పేట రోజారాణి చేపల పచ్చడి పెట్టింది మొదట ఇంటి కోసమే. భర్త పర్వతాలు చెరువులో పట్టిన బొచ్చె చేపల్లో పెద్దవి మార్కెట్‌కు పోతే, మిగిలినవాటిని ముక్కలు చేసి పల్లినూనెలో వేయించేది. ఆ పని నేర్పింది అత్త ఐలమ్మ. కండ్లకోయ హాస్టళ్ల పిల్లలు వచ్చి సీసాలు కొనుక్కుపోవడం మొదలయ్యాక, వాటికో పేరుండాలని అందరూ అన్నారు. రోజారాణి పెద్దగా ఆలోచించలేదు. ‘ఐలవ్వ’ అని రాయించి, కింద అత్త ముఖం బొమ్మ వేయించింది.

వ్యాపారం పెరిగి ఇంటి వెనక షెడ్డు వెలిసింది. మేడ్చల్‌లో ట్రేడ్‌మార్కు పనులు చూసే వకీలు నయన, ఆ పేరునూ బొమ్మనూ రోజారాణి పేరు మీద రిజిస్టర్ చేయించింది. ఇక ఎవరూ ముట్టుకోలేరని రోజారాణి అనుకుంది.

దుబాయిలో సరుకుల వ్యాపారం చేసే జయకృష్ణ వచ్చింది ఆ తర్వాతే. రెండేళ్లపాటు ఆమె పచ్చడిని అక్కడి తెలుగువాళ్ల దుకాణాలకు అందించాడు. ఒకసారి షెడ్డుకొచ్చి, సీసా ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తూ అన్నాడు:

“అక్కా, గీ పల్లినూనె బందువెట్టు. పామాయిల్ ఏస్తే నీకూ మిగుల్తది, నాకూ మిగుల్తది.”

“మా అత్తమ్మ మొకం వెట్టి పామాయిల్ అమ్మాల్నా? నాతోని గాదు.”

అతను నవ్వి సీసా కింద పెట్టాడు. కానీ ఆ నెల నుంచి ఆర్డర్లు ఆగిపోయాయి.

కొన్నాళ్లకు సృజన ఫోన్ చేసింది. ఒకప్పుడు కండ్లకోయ హాస్టల్‌లో ఉండి ఈ పచ్చడే తిన్న అమ్మాయి, ఇప్పుడు దుబాయిలో ఉద్యోగం చేస్తోంది. “అక్కా, పచ్చడి గిట్ల మార్చినవేంది? నూనె గొంతుకు పట్టుకుంటాంది” అని అడిగింది. తర్వాత ఆ సీసా ఫోటో పంపింది. అదే పేరు, అదే ముఖం. కింద తయారీదారుగా జయకృష్ణ కంపెనీ పేరుంది.

మర్నాడే రోజారాణి మేడ్చల్ వెళ్లి నయన ముందు కూర్చుంది.

“మన తాన రిజిస్టర్ చేసినం గద మేడం?”

“మన రిజిస్ట్రేషన్ మన దేశం వరకే అక్కా. ఏ దేశంలో అమ్మితే ఆ దేశంలో విడిగా హక్కు తెచ్చుకోవాలి. అప్పుడే చెప్పాల్సింది, మీరు బయటికి పంపుతున్నారని నాకు తెలీదు.” నయన కంప్యూటర్‌లో వెతికింది. “దుబాయిలో ఆయన దరఖాస్తు ఇంకా మంజూరు కాలేదు. అభ్యంతరాల కోసం ప్రకటించారు. గడువు నెలే. కువైట్‌లో మాత్రం ఆయన పేరు మీద వచ్చేసింది.”

ఆ సాయంత్రం జయకృష్ణ స్వయంగా ఫోన్ చేశాడు. సరుకు తన ద్వారానే పంపితే గొడవ ఉండదన్నాడు. రోజారాణి ఫోన్ పెట్టేసింది. పక్కనే వల బాగుచేసుకుంటున్న పర్వతాలు తలెత్తి చూశాడు.

“అక్కడికి వేరే పేరు వెట్టి పంపరాదు? పచ్చడి మనదే గద. కోర్టులు మనతోని అయితయా?”

అతను భయపడటంలో తప్పు లేదని ఆమెకు తెలుసు. లేచి అత్త దగ్గరికి వెళ్లింది. విషయం మొత్తం విని ఐలమ్మ కొంగు దులిపింది.

“నా పేరు నన్నడుగకుంట ఆడెట్ల రాయించుకుంటడు? నడువు, యాడికి రమ్మంటే ఆడికొస్త.”

ఆ ముసలామె వచ్చింది కూడా. తన పేరునూ ముఖాన్నీ వాడుకోవడానికి కోడలికి తప్ప ఎవరికీ ఒప్పుకోలేదని నోటరీ ముందు వాంగ్మూలం ఇచ్చింది. నోటరీ సీసానూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. “ఏం జూస్తవ్ సారూ, నేనే. బొమ్మల జర పడుసుగ గీసిండ్రు” అంది ఐలమ్మ.

జయకృష్ణ తన దగ్గరే సరుకు కొన్నాడని తేల్చే పాత బిల్లులు రోజారాణి వెతికి తీసింది. సృజన అక్కడి దుకాణదారులతో మాట్లాడి, మొదటి నుంచీ శామీర్‌పేట పచ్చడే అమ్మామని రాయించి పంపింది. గడువు తీరకముందే దుబాయి వకీలు అభ్యంతరం దాఖలు చేశాడు. పేరు అరబ్బీలోనూ రాయించాలని, ఆ లిపిలో కొందరు ‘వ’ను ‘ఫ’గా రాస్తారని నయన చెబితే ఐలమ్మ పడీపడీ నవ్వింది. “ఐలఫ్ఫ అన్నా పలుకుత గని, మనదే ఉండాలె” అంది.

తీర్పు రావడానికి ఏడాది దాటింది. మధ్యలో షెడ్డులో ఇద్దరు పనివాళ్లను మాన్పించాల్సి వచ్చింది. పర్వతాలు ఇంకోసారి పేరు మార్చే మాట ఎత్తాడు. రోజారాణి మాత్రం దుబాయి వకీలు అడిగిందల్లా పంపుతూనే ఉంది. చివరికి, తనకు సరుకిచ్చిన మనిషి వాడుతున్న పేరని తెలిసే రాయించుకోబోయాడని జయకృష్ణ దరఖాస్తును కొట్టేశారు. ఆ వార్త విన్నప్పుడు ఆమె మసాలా కలుపుతోంది. చేతులు కడుక్కుని, గోడకానుకుని కాసేపు ఏడ్చింది.

కువైట్ కేసు ఇంకా నడుస్తోంది. వేరే పేరుతోనైనా పంపమని అక్కడి దుకాణాల వాళ్లు అడుగుతున్నారు. ఆమె పంపడం లేదు. మిగతా దేశాల కోసం మన దేశపు ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ ద్వారానే ఒకే దరఖాస్తులో దుబాయి ఉన్న ఎమిరేట్స్, ఒమన్, బహ్రెయిన్ పేర్లు రాయించింది. ఏ దేశానికి ఆ దేశమే పరీక్షించి ఒప్పుకోవాలి.

మొన్న ఒమన్ నుంచి దీక్షిత్ అనే వ్యాపారి షెడ్డుకొచ్చాడు. పచ్చడి రుచి చూసి, వచ్చే వారమే సరుకు కావాలన్నాడు.

“జర ఆగాలె సారూ,” అంది రోజారాణి. “మీ తాన పేరు మాదని కాయితం రానీ. గప్పుడు ఎన్ని సీసాలంటే అన్ని.”

అతను ఆగుతానని చెప్పి, తినడానికి ఒక సీసా అడిగి తీసుకున్నాడు.