లీవెన్ మోసే సింహం

గెంట్ పట్టణపు నేతగాళ్ల దండులో జెండా మోసేవాడు లీవెన్. మామూలు రోజుల్లో ఉన్నికి రంగు వేసే పని కనుక అతని చేతులు మోచేతుల దాకా నీలంగానే ఉంటాయి. వాటిని ఎంత తోమినా నమ్మకం చాలక, పసుపుపచ్చ జెండాను ముట్టుకునే ముందు తోలు తొడుగులు వేసుకుంటాడు. జెండా మీద నల్లసింహం, దానికి ఎర్రటి నాలుక, ఎర్రటి గోళ్లు. సింహం ముఖం ఎప్పుడూ కర్ర వైపే ఉంటుంది. "నేనెటు పరిగెడితే అదీ అటే పరిగెడుతుంది. నేను పారిపోతే మన సింహం పారిపోయినట్టే," అంటాడు. "నీళ్లకుండ ఎత్తమంటే నడుం పట్టేస్తుంది గానీ, ఆ జెండా దుంగ మాత్రం మోస్తావు!" అని భార్య అవెజూట దెప్పితే, "కుండ మీదా సింహాన్ని వేయించు, మోస్తాను," అని నవ్వుతాడు.

మొన్న వాగు దగ్గర జరిగిన పోరులో గాలి పూర్తిగా పడిపోయింది. జెండా తడిగుడ్డలా కర్రకు అంటుకుపోయింది. వెనక వరసలవాళ్లకు సింహం కనబడక, "జెండా పడిపోయిందిరోయ్!" అని ఎవరో అరిచారు. దండు బెదిరి వెనక్కి జరగసాగింది. గుడ్డ విచ్చుకోవాలంటే పరిగెత్తడం ఒక్కటే దారి. లీవెన్ కర్రను రెండు చేతులా పైకెత్తి శత్రువుల ఈటెల వైపు దౌడు తీశాడు. జెండా ఫెళ్లుమని విప్పుకుంది. "అదుగో సింహం!" అంటూ నేతగాళ్లంతా అతని వెంట ఉరికారు. పొద్దువాలేసరికి వాగు అవతలి గట్టు వాళ్ల వశమైంది.

దండునాయకుడు వచ్చి అతని భుజం తట్టాడు. "ఒక్కడివే అలా ఎలా దూకావయ్యా?"

"ఒక్కణ్ణేనా!" లీవెన్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీరంతా నా వెనకే ఉన్నారనుకున్నానండీ."