నా ఒకే ఒక్క ప్రశ్న

సూరత్‌లో లెక్కల అధ్యాపకుడిగా ఉన్నప్పుడు, ఉన్నత బీజగణితం మీద సెమిస్టరంతా సాగే పరిశోధన కార్యక్రమంలో చేరాను. రెండో వారం నుంచే నాకేమీ అర్థమయ్యేది కాదు. అయినా ప్రతి ప్రసంగం చివరా లేచి, "గుణకారంలో వరుస మారిస్తే జవాబు మారే చోట కూడా ఇది నిలుస్తుందా?" అని అడిగేవాణ్ణి. వక్తలు "మంచి ప్రశ్న" అనేవారు. మేధావినని పేరొచ్చింది.

ఒకరోజు నా విద్యార్థిని రజిత తొలిసారి ప్రసంగించింది. తెలంగాణ నుంచి వలసొచ్చి, సూరత్ శివారు కోసాడ్‌లో ఉండే మగ్గం కార్మికుడి కూతురు. ప్రసంగం మెప్పిస్తేనే పీహెచ్‌డీ సీటు. నేను కునుకు తీసి, చప్పట్లకు మేలుకుని, అలవాటుగా అదే అడిగాను.

రజిత ముఖం పాలిపోయింది. "గంట నుంచి గదే చెప్తున్న గద సార్! ఏడ తప్పు పోయింది?" అంటూ బోర్డు తుడవడానికి డస్టర్ అందుకుంది.

"తుడవకమ్మా! తప్పు నీది కాదు. నేను నిద్రపోయాను" అన్నాను. అదే మాట అందరికీ హిందీలోనూ చెప్పుకున్నాను.

హాలంతా నవ్వింది. ముందు వరుసలోని పెద్ద ప్రొఫెసర్ మాత్రం గొంతు సవరించుకుని, "బేటీ, సార్ కోసం మళ్ళీ మొదటి నుంచి చెప్పు" అన్నారు. వెంటనే అందరూ పెన్నులు తీశారు.

రజితకు సీటొచ్చింది. నా గొప్ప కోసం సరైన లెక్కను చెరిపించబోయానన్న సిగ్గు ఇంకా పోలేదు. ఇప్పుడు అర్థం కాకపోతే లేచి "అర్థం కాలేదు" అనే అంటున్నాను. మేధావినన్న పేరు పోయింది గానీ, అర్థం కానివాళ్ళలో నా పక్క కుర్చీకి పోటీ పెరిగింది.