సుభద్రమ్మ గారి ఉపవాసాలు

మా ముత్తాత సర్వారాయుడు గారు గోదావరి ప్రాంతంలో ఒక జమీందారుకు దివాను. తాతగారు సీతాపతిరావు గారు తాలూకా బోర్డు అధ్యక్షులుగా చేశారు. ఆయన బజారులో నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. అలాంటి ఇంట్లో పెరగకపోయి ఉంటే, 2011 శీతకాలంలో బర్మింగ్‌హామ్‌లోని ఒక ఆసుపత్రిలో నా దగ్గరికి వచ్చిన సుభద్రమ్మ గారి కేసు నాకు అర్థమయ్యేది కాదు.

అప్పుడు నేను అక్కడ డైటీషియన్‌ని. రోగి ఏం తినాలో, ఎంత తినాలో, ఎప్పుడు తినాలో చెప్పే ఉద్యోగం. దివాను గారి మునిమనవరాలు వార్డుల వెంట తిరుగుతూ పథ్యాలు చెప్పుకుంటోందని నవ్విన బంధువులు ఉన్నారు. నేను పట్టించుకోలేదు. తల వంచుకుని బతకడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

డాక్టర్లు ఒక రోగిని మా దగ్గరికి పంపడాన్ని రిఫరల్ అంటారు. సుభద్రమ్మ గారి రిఫరల్ సారాంశం ఇది: ఈవిడ స్ట్రిక్ట్ హిందువు, వారంలో చాలా రోజులు ఉపవాసం ఉంటారు, ఆవిడ నమ్మకాలకు భంగం కలగకుండా సలహా ఇవ్వగలరు. అరవై ఏళ్లు దాటిన మనిషి. గుంటూరు వైపు వారు. భర్త పోయాక కొడుకు మురళి దగ్గరికి వచ్చి ఉంటున్నారు. షుగర్ మాత్ర వేసుకుని ఏమీ తినకపోవడంతో వంటింట్లో స్పృహ తప్పి పడిపోయారు. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా తగ్గిపోవడాన్ని మేం హైపో అంటాం. నెల తిరక్కుండా ఇది రెండోసారి. రెండుసార్లూ ఇంట్లో ఎవరో ఉండబట్టి బతికారు. ఎవరూ లేనప్పుడు మూడోసారి పడితే ఏమవుతుందో వార్డులో అందరికీ తెలుసు. మాత్ర మారుస్తామని డాక్టర్లు అన్నారు గాని, ఖాళీ కడుపుకు ఏ మాత్రా కాపలా కాయలేదు.

వార్డు సిస్టర్ మార్గరెట్ ఐరిష్ మనిషి. తన అమ్మమ్మ కూడా ఈస్టర్‌కు ముందు అలాగే నోరు కట్టుకునేదట. సుభద్రమ్మ గారంటే ఆమెకు గౌరవం ఏర్పడింది. ట్రే తాకకుండా తిప్పి పంపినా కోప్పడకుండా, నన్ను పక్కకు పిలిచి, ఈ స్ట్రిక్ట్ ఎంత స్ట్రిక్టో కాస్త కనుక్కోమంది.

నేను వెళ్లేసరికి ఆవిడ మంచం మీద కాదు, పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. జడ నున్నగా దువ్వుకుని అల్లుకున్నారు. ఆసుపత్రి గౌను మీద సొంత శాలువా కప్పుకున్నారు. తెలుగు వినగానే ముఖం విప్పారింది. ఏ ఊరు, ఎవరి తాలూకు అని ముందు నన్నే పరీక్ష చేశారు. చెప్పాను. “దివాన్ల బిడ్డవా? అందుకే అంత నిటారుగా కూర్చున్నావు,” అన్నారు.

మా పనిలో డైట్ హిస్టరీ అని ఒకటుంది. మామూలుగా ఏం తింటారని అడిగితే ఎవరైనా తినవలసింది చెబుతారు, తిన్నది చెప్పరు. కాబట్టి నిన్న ఏం తిన్నారు, మొన్న ఏం తిన్నారు అని వెనక్కి అడుగుతూ పోవాలి. సుభద్రమ్మ గారు వారాలు చెప్పారు. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, గురువారం బాబాకు, శుక్రవారం అమ్మవారికి, శనివారం వెంకన్నకు.

“బుధవారం ఏ స్వామీ ఖాళీగా లేడా పిన్నిగారూ?” అన్నాను.

నవ్వారు. బుధవారం కోడలు లత ఇంట్లో ఉంటుంది, పక్కన కూర్చుని వడ్డిస్తుంది, తప్పదు. ఆదివారం మనవరాలు వదలదు, అదీ తప్పదు.

తరవాత ఫలహారం గురించి అడిగాను. ఉపవాసాలు చేసే ఆడవాళ్లను నేను చిన్నప్పటి నుంచి చూశాను. వాళ్లతో ఆ మాట కదిపితే ఆపలేం. శనివారం రాత్రి ఉప్పుడుపిండిలో ఏ పప్పు వెయ్యాలో, ఏకాదశికి ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో, ద్వాదశి పొద్దున్నే పారణకు ఏం వండాలో చెబుతూ ఉంటే వాళ్ల కళ్లు మెరుస్తాయి. ఆకలికీ ఒక పండగ ఉంటుంది. సుభద్రమ్మ గారికి చెప్పడానికి ఏమీ లేదు. పొద్దున మంచినీళ్లు, రాత్రి మంచినీళ్లు. కాఫీ మానేశారు. పాలైనా తాగరా అంటే, “పాలు పిల్లకి కావాలి కదమ్మా,” అని, అన్న వెంటనే శాలువా సర్దుకున్నారు.

నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఏకాదశులు నెలకు రెండే. భూములు కోర్టుల పాలయ్యాక మా ఇంట్లో అయిదారు వచ్చేవి. పెద్దమ్మగారి నిష్ఠ అని ఊరంతా చెప్పుకునేది. పిల్లలం మేమూ చెప్పుకునేవాళ్లం. మా కంచాల్లోకి వచ్చే అన్నం ఎక్కడి నుంచి వస్తోందో మాకు తెలియదు.

మార్గరెట్ గదికి వెళ్లి, ఆ స్ట్రిక్ట్ అనే మాటకు మా భాషలో చాలా మాటలున్నాయని చెప్పాను. శిక్షించే పంతులుది కాఠిన్యం. వేళ తప్పని గుమస్తాది కచ్చితం. తనకు తాను గీత గీసుకుని దాటని వాళ్లది నిష్ఠ. పట్టుచీరలు ఉండీ నేత చీర కట్టుకునే ఆవిడది నిరాడంబరం. పెట్టెలో నేత చీర ఒక్కటే ఉన్నావిడనూ చూసేవాళ్లు నిరాడంబరమనే అంటారు, ఆవిడా అలా అననిస్తుంది. అన్నం మానడానికీ మాకు రెండు మాటలు. దేవుడి కోసమైతే ఉపవాసం. లేక మానితే పస్తు. ఈవిడది రెండోదని నా అనుమానం అన్నాను. మార్గరెట్ మరి ఆ సంగతి ఆవిడను ఎలా అడుగుతావని మాత్రం అడిగింది.

అదే అసలు చిక్కు. ఇంట్లో బియ్యం లేవా అని మా నాయనమ్మను ఎవరైనా అడిగి ఉంటే, ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయి మళ్లీ ఆ మనిషి ముఖం చూసేది కాదు. అందుకని మర్నాడు సుభద్రమ్మ గారి దగ్గర కూర్చుని, అంతవరకూ బయటివాళ్లెవరికీ చెప్పని మాట చెప్పాను.

“మా నాయనమ్మ కూడా మీలాగే ఉపవాసాలు ఉండేది పిన్నిగారూ.”

“ఏ స్వామికమ్మా?”

“ఏ స్వామికీ కాదు.”

ఆవిడ కిటికీ వైపు తిరిగారు. కింద బస్సులు ఆగుతున్నాయి, వెళ్తున్నాయి. నేను లేవలేదు.

కాసేపటికి తనే చెప్పారు. మురళి కాంట్రాక్టు ఏప్రిల్‌లోనే అయిపోయింది. ఇంటి నుంచి పని చేస్తున్నానని తల్లితో చెప్పాడు. లత షాపులో పార్ట్ టైమ్ చేస్తుంది. ఫ్రిజ్ తెరిస్తే తెలియదా అన్నారు. “వాడు డైట్ అంటాడు. నేను శనివారం అంటాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని మంచినీళ్లు తాగి లేస్తాం. నాకు తెలుసని మాత్రం వాడికి తెలియకూడదమ్మా. వాడు తట్టుకోలేడు.”

రోగి ఒప్పుకోకుండా ఇంట్లోవాళ్లకు ఏమీ చెప్పకూడదన్నది మా వృత్తి నియమం. ఆవిడ ఒప్పుకోలేదు. ఇలాగే ఇంటికి పంపితే మళ్లీ పడిపోతారు. సాయం అంటే ఆవిడ తీసుకోరు. బతిమాలితే జాలి అనుకుంటారు. అలాంటి మనిషి తలవంచేది ఒక్క నియమానికే.

“అయితే నేనొక నియమం పెడతాను,” అన్నాను. “మూడు పూటలా తినాలి. ఉపవాసం కుదరదు. మీరొక్కరే కూర్చుని తినకూడదు. ఇంట్లో ఎవరుంటే వాళ్లు మీతోపాటు కూర్చుని తినాలి.”

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూశారు. “గట్టిదానివే,” అన్నారు.

డిశ్చార్జ్ రోజు మురళి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడ దగ్గర కాలర్ వదులుగా ఉంది. నేను నియమం చెబుతుంటే మర్యాదగా తలూపి, “అమ్మ చాలా స్ట్రిక్ట్ మేడమ్. దేవుడి విషయంలో ఎవరు చెప్పినా వినదు,” అన్నాడు. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

సుభద్రమ్మ గారు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇక మాట్లాడరనుకున్నాను.

“వింటానులేరా. నువ్వు కూర్చుని తింటే నేనూ తింటా.”

“నేను డైట్‌లో ఉన్నాను కదమ్మా, తెలుసుగా.”

“తెలుసు. ఏప్రిల్ నుంచీ తెలుసు.”

మురళి వచ్చి తల్లి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆవిడ షూ లేసులు కట్టడం మొదలుపెట్టాడు. కట్టడం అయ్యాక కూడా లేవలేదు. ఆవిడ అతని తల మీద చెయ్యి వేసి, “ఉన్నదేదో వండుకుందాం. అందరం కూర్చుందాం,” అన్నారు. మార్గరెట్‌కు తెలుగు రాదు. అయినా పక్క మంచం దగ్గరికి వెళ్లి, సర్దిన దుప్పటినే మళ్లీ సర్దింది.

ఆ తరవాత ఎన్నో రిఫరల్స్ చూశాను. ఎవరి కాగితంలోనైనా స్ట్రిక్ట్ అని కనిపిస్తే, ఆ ఇంట్లో ఇంకెవరు తినడం మానేశారని ముందు అడుగుతాను. పరాయి నమ్మకాన్ని గౌరవించడం మంచిదే. ఆ గౌరవం చాటున ఒక మనిషి ఆకలితో ఉండిపోవచ్చని మాత్రం నాకు నేర్పింది సుభద్రమ్మ గారు.

సంక్రాంతి వెళ్లాక సుభద్రమ్మ గారు మురళిని వెంటబెట్టుకుని క్లినిక్‌కి వచ్చారు. బుగ్గలు కొంచెం పూడాయి. మళ్లీ కాఫీ తాగుతున్నారట, చక్కెర లేకుండా. మురళికి సరైన ఉద్యోగం ఇంకా రాలేదు, వేర్‌హౌస్‌లో షిఫ్టులకు వెళ్తున్నాడు. చలిలో బస్సులో వచ్చారేమని అడిగాను. “కారు అమ్మేశాం మేడమ్,” అన్నాడు, నా ముఖంలోకే చూస్తూ.

మా ఇంట్లో అలా చెప్పినవాళ్లు లేరు. వెండి కంచాలు కనబడకపోతే మెరుగుకు ఇచ్చామని చెప్పేవాళ్లం. మెరుగుకు ఇవ్వలేదు. రాజమండ్రిలో అమ్మేశాం.