కంకణం కట్టిన సిలిండర్లు

తనిఖీకొచ్చిన ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ సారు రెండు చేతులతోని గుంజుతనే ఉన్నడు, సిలిండరు పిన్ను మాత్రం వస్తలేదు. ఎట్లొస్తది మరి! దసరాకు మిషిన్లకు పూజ చేసిన నాడు మా ఊడ్చే సత్తమ్మత్త మంట ఆర్పే సిలిండర్లను గూడ ఇడిసిపెట్టలే. పసుపు, కుంకుమ, బంతిపూలు, పిన్నుకు గట్టిగ ముళ్లేసిన కంకణం.

ఇది మిర్యాలగూడ కాడి తవుడు నూనె రిఫైనరీల ముచ్చట. పదో తరగతి అయినంక గేటు ఆఫీసుల చేరి, నాలుగేండ్లు చేసి మానేసిన. నా పని సేఫ్టీ రిజిస్టర్ రాసుడు. తవుడుల నుంచి నూనె తీసేతందుకు సాల్వెంట్ పోస్తరు, అది పెట్రోలు లెక్క అంటుకుంటది. అందుకే ప్రతి సోమవారం సిలిండర్లన్నీ తిరిగి సూసి, మీటరు ముల్లు ఆకుపచ్చ మీద ఉందా లేదా రాయాలె. నేనేమో కుర్సీల నుంచి లేవకుండనే "బాగుంది" అని రాసి సంతకం పెడుతుంటి. నాకంటె ముందు చేసినామె గట్లనే నేర్పింది.

"కత్తెర తెండి," అన్నడు సారు.

ఎవ్వలు కదల్లే. పూజ కంకణం ఎవరు కోస్తరు? మా మేనేజరు కోదాడాయన. మెల్లగ చెప్పులు ఇడిసి, "దానంతటదే తెగిపోవాలండి, మనం తియ్యకూడదండి," అన్నడు.

"అగ్గి అంటుకుంటే అందాక ఆగుతదా?"

"పూజ చేసినంక అగ్గెందుకొస్తది సారూ?" అన్నది సత్తమ్మత్త. "మీ కారుకు నిమ్మకాయలు కట్టలేదా?"

సారు గేటు దిక్కు సూసిండు. కట్టే ఉన్నయి. మాకందరికి నవ్వు ఆపుకునుడే కష్టమైంది.

"కారు నడుస్తదమ్మా," అన్నడాయన. "ఇది నడుస్తదో లేదో సూద్దాం."

తనే దారాన్ని పండ్లతోని కొరికి, పిన్ను పీకి నొక్కిండు. సిలిండరు ఒక్క తుమ్ము తుమ్మింది. బంతిపూరేకు ఒకటి కింద పడ్డది. ఖతం.

మీటరు మీది కుంకుమ బొట్టు తుడిస్తే, ముల్లు ఎర్ర మీదుంది. రిజిస్టర్ తెరిస్తే నిన్నటి తారీఖు, "బాగుంది", కింద నా సంతకం.

"లోపల మీవాళ్లెవరన్న చేస్తరా?" అని అడిగిండు నన్ను.

"మా తమ్ముడు నరేష్, సారూ. సాల్వెంట్ కాడనే."

వారంల అన్నీ నింపియ్యాలని నోటీసు రాసిచ్చి పోయిండు. ఆయన తిట్టినా బాగుండు అనిపించింది.

ఆ కొలువుల నేను నేర్సుకున్నది ఇదొక్కటే: సంతకమంటే కండ్లతోని సూసిన అని చెప్పుడు. సూడకుంటే పెట్టొద్దు.

తెల్లారి షిఫ్టుకంటె ముందే పోయి బ్లేడుతోని కంకణాలన్నీ కోసిన. సత్తమ్మత్త నన్ను తిట్టుకుంటనే బొట్లు తుడిసింది. పదకొండిట్ల ఏడు ఎర్ర మీదున్నయి. రిజిస్టర్ల మొదటిసారి "బాగలేవు" అని రాసిన.

"వారం గడువుందిగా, అంత తొందరేంటమ్మా?" అన్నడు మేనేజరు.

టిఫిన్ డబ్బ పట్టుకొని లోపలికి పోతున్న నరేష్‌గాన్ని కాలరు పట్టి గుంజుకొచ్చి, గేటు బయట నిలబెట్టిన.