పోర్టల్‌లో నేను చేర్చిన కాలమ్

జనవరి మొదటి సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు సిటీ హాల్ మూడో అంతస్తు మీటింగ్ రూమ్‌లో ఉన్నవి: ఒక ప్రొజెక్టర్, నా లాప్‌టాప్, ఎవరో పంపిన పూలగుత్తి, ఎవరూ ముట్టుకోని డోనట్ల పెట్టె. ఉన్నవాళ్లు ముగ్గురు: మూడు రోజుల కిందట ప్రమాణం చేసిన మేయర్ స్వప్న, సిటీ అడ్మినిస్ట్రేటర్ ప్రసాదరావు గారు, డేటా అనలిస్ట్‌గా నేను. అమెరికాలో జెర్సీ సిటీకి అరగంట దూరంలో ఉన్న చిన్న నగరం అది. అక్కడ మూడేళ్లు పనిచేశాను. ఇప్పుడు మానేశాను కాబట్టి ఈ సంగతి రాయగలుగుతున్నాను.

మేయర్లు నాలుగేళ్లకోసారి మారతారు. అడ్మినిస్ట్రేటర్ ఉంటాడు. శాఖల రోజువారీ పని మొత్తం ఆయన కిందే నడుస్తుంది. ప్రసాదరావు గారికి స్వప్న నాలుగో మేయర్. పైగా ఆయన ఆమె నాన్నగారి స్నేహితుడు, ఆమెను చిన్నప్పటి నుంచి ఎరుగుదురు.

ఎన్నికల్లో ఆమె ఇచ్చిన హామీ ఒకటే. ఇళ్ల గురించి, వీధుల గురించి జనం పెట్టిన ప్రతి ఫిర్యాదూ, దాని మీద ఏం చేశారన్నదీ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించాలి.

“అంకుల్, అన్నీ ఉండాలి. నేను ప్రామిస్ చేశాను,” అంది.

‘అంకుల్’ అన్న ఆ మొదటి మాటతోనే గదిలో ఎవరు పెద్దో తేలిపోయిందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఆయన కాదనలేదు. ఆయన ఎప్పుడూ ఎవరినీ కాదనరు. శుక్రవారానికే ప్రారంభిద్దామన్నారు. ఆమె వెళ్లాక నా వైపు తిరిగి, తప్పుడు అడ్రసుతో ఏదైనా బయటికి పోతే పరువు పోయేది ఆ అమ్మాయిదేనని, ప్రతి ఫిర్యాదునూ సంబంధిత శాఖ ఒకసారి సరిచూడాలని, అందుకు ఒక కాలమ్ పెట్టమని చెప్పారు.

‘రివ్యూ పెండింగ్’ అని కాలమ్ పెట్టాను. అందులో ‘అవును’ ఉంటే ఫిర్యాదు బయటికి కనిపించదు. శాఖవాళ్లు ‘కాదు’ అని మారిస్తే కనిపిస్తుంది. కొత్తగా వచ్చే ప్రతి ఫిర్యాదుకూ మొదట ‘అవును’ పడేలా రాశాను. పది నిమిషాల పని. ఇళ్ల తనిఖీ శాఖలో ఇన్‌స్పెక్టర్లు ఇద్దరే ఉన్నారనీ, హీటింగ్ లేదన్న ఫిర్యాదులు నవంబర్ నుంచి అలాగే పడి ఉన్నాయనీ నాకు తెలుసు. ఆ శాఖ తన వైఫల్యాన్ని తానే బయటపెట్టుకుంటుందా అన్న ప్రశ్న మాత్రం నేను వేసుకోలేదు.

శుక్రవారం పెద్ద తెర మీద పోర్టల్ తెరుచుకుంది. మొత్తం 245 ఫిర్యాదుల్లో కనిపించినవి 31. అన్నీ వీధిదీపాలవీ చెత్తబండివీ.

“మిగతావి, అంకుల్?”

“వస్తాయమ్మా. వెరిఫై అవుతున్నాయి.”

ఆమె నా వైపు చూసింది. సిస్టమ్ డిజైన్ ప్రకారమే పనిచేస్తోందని చెప్పాను. అందులో అబద్ధం లేదు. ఆమె తల ఊపి, కింద ఎదురుచూస్తున్న విలేకరుల దగ్గరికి వెళ్లింది.

సోమవారం నేను కూర్చున్న కౌంటర్ దగ్గరికి నవీన్ అనే ఎమ్మెస్ విద్యార్థి వచ్చాడు. వరంగల్ కుర్రాడు. నలుగురు కలిసి ఉంటున్న అపార్ట్‌మెంట్‌లో హీటర్ పనిచేయక ఇరవై రోజులైంది. స్వప్న ప్రచారంలో వాళ్ల బిల్డింగ్‌కి వచ్చిందట, ఆమె మాట నమ్మి వీళ్లే ఇంటింటికీ కరపత్రాలు పంచారట. నా బ్యాడ్జి మీద పేరు చూసి తెలుగులోకి మారాడు.

“అన్నా, నా కంప్లైంట్ సైట్‌ల లేదు. వీధిలైట్లు మాత్రం మస్తుగ ఉన్నయ్. చలి పెట్టేది లైట్లకా?”

రివ్యూలో ఉందన్నాను.

“ఎవలు చేస్తరు రివ్యూ?”

ఇన్‌స్పెక్షన్ శాఖ అన్నాను.

“అంటే రానోళ్లే, మేం రాలేదని ఒప్పుకోవాల్నా?”

వారం రోజులుగా ముగ్గురం అనని మాట అది. నా లాప్‌టాప్ తెరిచే ఉంది. అతని ఫిర్యాదు దగ్గర ‘అవును’ తీసి ‘కాదు’ అని కొట్టే యాక్సెస్ సిస్టమ్‌లో నాకుంది. కొట్టలేదు. శాఖ రికార్డును అనలిస్ట్ మార్చకూడదన్నది నియమం, ఆ నియమం నాకు వీలుగా ఉంది. అతను జాకెట్ జిప్పు మెడదాకా లాక్కుని వెళ్లిపోయాడు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. ఆఫీసులో ఏదీ దాచనక్కర్లేదు. ఎవరూ ఏమీ చేయకపోతే ఏం జరగాలో ముందే రాసిపెడితే చాలు. అది రాసింది నేను.

ఏప్రిల్‌లో రాజీనామా చేసిన రోజు చివరిసారి లాగిన్ అయ్యాను. ప్రారంభం నాడు 214 ఉన్న పెండింగ్ ఫిర్యాదులు ఇప్పుడు 263.