నీలం నీడ

"మంచు నీలంగా ఉంటాదేటే? నీ మనవరాలికి ఎవడో టోపీ పెట్టీసాడు."

"నీడలో నీలంగానే ఉంటాది వదినా. నువ్వెప్పుడూ చూళ్ళేదంతే."

"నీకేటి తెల్సు? మూడో తరగతి దాటేవా?"

"దాటనిచ్చేరేటి, మీ అమ్మా నువ్వూను?"

మొన్న కాన్‌బెర్రాలో, హారిసన్‌లోని మా ఇంటి హాల్లో, వారం రోజులుందామని వచ్చిన మా మేనత్త కూతురికీ నాకూ జరిగిన గొడవ ఇది. యూనివర్సిటీ నుంచి వస్తూ మా మనవరాలు పాత సామాన్ల కొట్టులో ఒక పటం కొనుక్కొచ్చి గోడకు తగిలించింది. మంచు కప్పిన పల్లె, ఒక దడి, మంచు మీద దాని నీడ నీలంగా. దగ్గరికి వెళ్తే ఉత్త రంగు మరకలు, నాలుగడుగులు వెనక్కి వేస్తే ఒళ్ళు వణుకుతుంది. ఆ బొమ్మ వేసిన ఇంప్రెషనిస్టు చిత్రకారుడు జన్మంతా తన ఊరి చుట్టుపక్కలే, చలికాలంలోనూ ఆరుబయట నిలబడి, వెలుగు ఎలా కనిపిస్తే అలా వేశాడని మనవరాలు చెప్పింది.

నేనూ అంతే చేశాను. అమ్మానాన్నా పోయాక శ్రీకాకుళం దగ్గర మేనత్త ఇంట్లో పెరిగాను. వెల్ల వేసేటప్పుడు తెలుపు మెరవడానికి సున్నంలో చిటికెడు నీలిమందు కలిపేవాళ్ళు. ఎనిమిదేళ్ళ నాకు ఆ పని అప్పగిస్తే, పొద్దుటి పూట చూరు నీడ గోడ మీద నీలంగా పడటం రోజూ చూసేదాన్ని గనక, నీడ ఉన్నంత మేరా నీలిమందు ఎక్కువ కలిపి పూశాను. పొద్దెక్కేసరికి నీడ జరిగిపోయింది, నా నీలం మిగిలిపోయింది. వదిన పరుగున వెళ్ళి వాళ్ళమ్మను పిలుచుకొచ్చింది. చదువు ఎక్కువై గోడ పాడుచేశానని మేనత్త ఆ రోజే బడి మాన్పించి, నా సంచి వదినకిచ్చేసింది. పేడ ఎత్తుతున్న నా ముందు నుంచే వదిన ఆ సంచి ఊపుకుంటూ పదో తరగతి దాకా చదివింది.

ఇప్పుడు ఊళ్ళో కూడా గోడలకు సున్నం వేసేవాళ్ళు లేరు, ఆ వెల్ల వాసన మా పిల్లలకే తెలియదు. నా కోపం మాత్రం వెలిసిపోలేదు.

మర్నాడు పొద్దున్న పెరట్లో గడ్డి మీద మంచు పేరుకుంది. వదినను బయటికి తీసుకెళ్ళి, నేను లోపలికొచ్చి అద్దం తలుపుకు గడియ పెట్టాను. ఎండ తగిలిన చోట మంచు కరిగింది. ఫెన్సు నీడలో మాత్రం అలాగే ఉంది. వదిన దాన్ని చూసింది, నన్ను చూసింది, శాలువా బిగించుకుంది.

"నీలమేనే, తలుపు తియ్యి" అంది.

వినపడలేదన్నాను. మళ్ళీ గట్టిగా చెప్పింది. అప్పుడు గడియ తీసి, కాఫీ కలపడానికి వెళ్ళాను.